ఎన్ని రోజులు వాడాలో ఎవరు తేల్చారు?

మెడికల్ షాపులో కత్తెరతో యాంటీబయాటిక్ (బ్యాక్టీరియాను అణిచే మందు) స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేవారైనా, చీటీ రాసే డాక్టరుగారైనా చెప్పే మాట ఒకటే: "జ్వరం తగ్గినా కోర్సు ఆపకండి, బ్యాక్టీరియా మొండికేస్తుంది." ఇంతగా నాటుకుపోయిన ఈ మాటకు ఆధారమేమిటని వెతికితే, చాలా ఇన్ఫెక్షన్ల విషయంలో పరీక్షకు నిలిచిన రుజువు కంటే పాత భయమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్‌తో కోలుకుంటున్న ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు, మందు నిండుకోవడంతో జబ్బు తిరగబెట్టి చనిపోయాడు. ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్‌ను వేరుచేసి మళ్లీ ఎక్కించినా చాలలేదు. 1945 నోబెల్ ఉపన్యాసంలో పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ ఒక కల్పిత ఉదాహరణ చెప్పాడు: గొంతునొప్పికి చాలీచాలని పెన్సిలిన్ వాడిన వ్యక్తి నుంచి, మందుకు అలవాటుపడ్డ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా భార్యకు సోకి ఆమె మరణిస్తుంది. కానీ గొంతుకు పట్టే ఆ స్ట్రెప్టోకాకస్ ఇంకా లొంగుతూనే ఉంది, నేటికీ దానికి పెన్సిలిన్‌తోనే వైద్యం చేస్తున్నారు.

మందులకు లొంగక ఆసుపత్రులను వణికిస్తున్నవి ఎక్కువగా ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియాలు. ఇవి మన పేగుల్లో కాపురముంటాయి. ఛాతీ ఇన్ఫెక్షన్‌కు వేసుకున్న మాత్ర వీటికీ తగులుతుంది. లొంగేవి చచ్చిన చోటును లొంగనివి ఆక్రమిస్తాయి. అంటే అవసరానికి మించి వాడిన ప్రతి రోజూ మొండి బ్యాక్టీరియాకే మేలు చేస్తుంది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ఈ వాదననే ముందుకు తెచ్చి, "కోర్సు పూర్తి చేయండి" అనే ప్రచారాన్ని మానుకోవాలని కోరారు.

దీన్ని పట్టుకుని ఎవరికి వారు మాత్రలు ఆపేయడం ప్రమాదకరం. క్షయలో మందుల్ని మధ్యలో వదిలేస్తే వ్యాధి తిరగబెడుతుంది, మందులకు లొంగని క్షయగా మారే ముప్పూ ఉంది. స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పికి పది రోజుల పెన్సిలిన్, ఆ ఇన్ఫెక్షన్ తర్వాత దెబ్బతినే ముప్పున్న గుండె కవాటాలను కాపాడడానికి. అక్కడ రోజుల లెక్కకు కారణముంది.

రక్తంలో బ్యాక్టీరియా చేరిన 3,608 మందిపై జరిగి, 2024లో వెలువడిన బ్యాలెన్స్ అధ్యయనంలో 7 రోజుల చికిత్స 14 రోజుల చికిత్సకు తీసిపోలేదు. ఈ ఫలితాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అయితే ఆ అధ్యయనం జరిగిన 7 దేశాల్లో భారత్ లేదు. మొండి క్లెబ్సియెల్లా తిష్ఠవేసిన మన ఐసీయూలలో ఎన్ని రోజులు చాలుతాయో మన రోగులపైనే పరీక్షించి తేల్చాలి.