15 రోజుల కోర్సుతో అమెరికా నర్సు కాలేరు

"నైట్ డ్యూటీలు వద్దు, పేషెంట్లతో పని లేదు. 15 రోజుల ఆన్‌లైన్ కోర్సుతో మేనేజ్డ్ కేర్ నర్స్ అవ్వండి. అనుభవం అక్కర్లేదు. ఏసీ గదిలో కూర్చుని పని, నేరుగా అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం." ఈ మెసేజ్ ఈ వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది, మూడుసార్లు మా జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) బ్యాచ్ గ్రూపులోనే. మేనేజ్డ్ కేర్ నర్స్ అంటే పేషెంట్ ఫైళ్లు చూసి, చికిత్సకు ఇన్సూరెన్స్ అనుమతుల పని చూసే నర్సు. ఏడేళ్లు వార్డులో చేసి, నాలుగేళ్లుగా కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో ఉన్నాను. ఇక ఊరుకోలేను.

ఏసీ గది నిజమే. అది వదిలేద్దాం.

పేషెంట్లతో పని లేదట! డిశ్చార్జ్ రోజు బిల్లు అప్రూవల్ ఆలస్యమైతే వాళ్ల ఇంటివాళ్లు వచ్చి నిలబడేది నా టేబుల్ ముందే. మూడు గంటల్లో తేల్చాలని 2024లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ చెప్పింది కాబట్టి ఆ టెన్షనూ నాదే.

అనుభవం అక్కర్లేదన్న మాటకు మాత్రం కోపం వస్తుంది. పోయిన నెల ఆలూరు వైపు నుంచి ఒక పెద్దాయన న్యుమోనియాతో చేరాడు. "ఐసీయూ ఎందుకు, వార్డు సరిపోదా?" అని ఇన్సూరెన్స్ కంపెనీ క్వెరీ పెట్టింది. డాక్టర్ నోట్‌లో జవాబు లేదు. నర్సుల చార్టు తిరగేస్తే, రాత్రి 2:10కి ఆక్సిజన్ 84కు పడిందని, మాస్కు పెట్టామని వంకర అక్షరాల్లో ఒకే ఒక లైను. అది స్కాన్ చేసి పంపాకే అప్రూవల్ వచ్చింది. ఆ లైను ఎక్కడ వెతకాలో రాత్రుళ్లు మేలుకుని చార్టులు రాసినవాళ్లకే తెలుస్తుంది. మన దగ్గర ఇది కొత్త పనీ కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదటి విడతలోనే అనంతపురం జిల్లా ఉంది, ముందస్తు అనుమతి ఫైళ్లు అప్పటినుంచీ నడుస్తున్నాయి.

అన్నిటికంటే ఘోరం అమెరికా ముచ్చట. అక్కడ రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష పాసవ్వాలి, రాష్ట్రం లైసెన్సు కావాలి, ఆపైన వీసా. ఏ ఆన్‌లైన్ సర్టిఫికెట్టూ వీటికి బదులు కాదు. ఇది తెలిసీ ఫీజు వసూలు చేయడం మోసం, తెలియకుండా ఫార్వర్డ్ చేయడం ఆ మోసానికి సాయం.

మెసేజ్‌లో ఒక వాక్యం మాత్రం కాదనలేను: "వార్డు డ్యూటీ నడుము విరుస్తుంది." నేను డెస్కుకు వచ్చింది నడుము నొప్పి వల్లే. అందుకే ఈ మెసేజ్ చూసి ఆశపడేవాళ్లను తప్పుపట్టను.

నిన్న పత్తికొండ నుంచి ఒక జూనియర్ ఫోన్ చేసింది. "అక్కా, కమ్మలు కుదువ పెట్టి ఫీజు కట్టేదా?" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. ముందు ఐసీయూలో రెండేళ్లు చెయ్యి, మా డెస్కులో ఖాళీ వస్తే నేనే పిలుస్తానని చెప్పాను.