రికార్డులు సరే, పూత సంగతేంటి?

శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గీత గీయడానికి ముందే బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. లేకపోతే కలం నుంచి దిగిన రంగు గీత దాటి పాకిపోతుంది. పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ (సిలికాన్‌కు బదులు, ద్రావణంలా పూసి ఆరబెట్టే ఒక స్ఫటిక పదార్థంతో చేసేవి) గురించి చదివినప్పుడల్లా నాకు ఆ బట్టే గుర్తొస్తుంది. ఇక్కడా చిక్కంతా తడి పూతతోనే.

2009లో జపాన్‌లో శాస్త్రవేత్త మియాసకా బృందం చూపించిన తొలి సెల్ సామర్థ్యం, అంటే ఎండలో కరెంటుగా మార్చే వాటా, 3.8 శాతం. ఇప్పుడు ల్యాబుల్లో 26 శాతం దాటింది. సిలికాన్‌ను కరిగించాలంటే 1,400 డిగ్రీల పైన వేడి కావాలి. దీనికి 100, 150 డిగ్రీలు చాలు. పొర మందం మైక్రాన్‌లో సగం. చవక అన్న పేరు అందుకే వచ్చింది.

అయితే ఆ రికార్డులు గోరంత సెల్స్‌వి. గాజు ముక్కను గిర్రున తిప్పుతూ ద్రావణం చుక్క వేస్తారు, చాలా భాగం అంచుల నుంచి చిమ్మిపోతుంది. ఫ్యాక్టరీకి కావాల్సింది స్లాట్‌ డై. సన్నటి చీలిక నుంచి ద్రావణం తెరలా దిగుతుంటే కింద గాజు కదులుతుంది. వృథా చాలా తక్కువ. అసలు టెన్షన్ ఆ తర్వాతే. తడి పొరను దానంతట దాన్ని ఆరనిస్తే స్ఫటికాలు గరుగ్గా, మధ్యలో ఖాళీలతో పెరుగుతాయి. అందుకే వెంటనే కత్తిలాంటి గాలి ధారతో ఆరబెడతారు. సూదిమొనంత రంధ్రం మిగిలినా పై పొర, కింది పొర కలిసి కరెంటు లీకవుతుంది. కాబట్టి ధరను తేల్చేది ద్రావణం ఖరీదు కాదు, మెషీన్ నుంచి ఎన్ని మీటర్ల మంచి పూత బయటికొస్తుందన్నదే.

మా తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగం ఎన్నో ఏళ్లుగా పలుచటి పొరల మీద పనిచేస్తోంది. ఏర్పేడులో ఐఐటీ ఉంది, శ్రీసిటీలో ఫ్యాక్టరీలున్నాయి. వీళ్లందరూ వాడుకునేలా అడుగు వెడల్పు పూత లైను ఒక్కటి పెడితే, గిగావాట్ల ప్రకటనలకంటే నాకు అదే ముద్దు. మే నెల ఎండ, నవంబరు ముసురు రెండూ ఇక్కడే ఉన్నాయి, పరీక్షకు వేరే ఊరెందుకు?

తేమ తగిలితే ఈ పదార్థం చెడిపోతుంది, పైగా అందులో సీసం ఉంది. ప్యానెల్ పగిలితే వాననీళ్లతో అది మట్టిలోకి దిగొచ్చు. మన ఎండావానల్లో కొన్నేళ్లు నిలిచిందని చూసేదాకా, బోరు మోటారుకు సిలికాన్ ప్యానెలే పెట్టుకోమని మా ఊరి రైతులకు చెబుతాను.