మరిన్ని వివరాలు కాసేపట్లో

పడుకోబోతూ టీవీ కట్టేద్దామని రిమోట్ అందుకుంటారు. సరిగ్గా అప్పుడే తెర ఎర్రబడి ఢమాల్మని ఓ చప్పుడు. ‘కుప్పకూలిన భవనం’. ఏ భవనం, ఎక్కడ, లోపల మనుషులున్నారా? ప్లేట్ మీద, అంటే తెర మీద పడే ఆ పెద్దక్షరాల పలక మీద, రెండు మూడు మాటలకే చోటు కాబట్టి అవేవీ ఉండవు. ‘మొదటగా మా ఛానల్లోనే’ అన్న ముక్కకు మాత్రం ఎలాగో సర్దుతారు.

నిజానికి ఆ క్షణాన న్యూస్‌రూమ్ దగ్గరున్నవీ ఆ రెండు మాటలే. స్ట్రింగర్, అంటే జీతం లేకుండా వార్తకింతని పనిచేసే ఊరి విలేకరి, ఫోన్లో చెప్పింది ఒక్క వాక్యం. పక్క ఛానల్లో ప్లేట్ పడిపోయాక, దాన్ని ఇంకోచోట అడిగి నిర్ధారించుకునే ఓపిక ఎవరికుంటుంది? ఇక మిగిలిన పనల్లా ఆ వాక్యాన్ని గంటసేపు సాగదీయడమే.

ముందు విజువల్స్. ఎవరో సెల్‌ఫోన్‌తో తీసిన 12 సెకన్ల క్లిప్ దొరుకుతుంది. నిమిషానికి ఐదుసార్లు, గంటకు 300 సార్లు. కాసేపటికి దాని మీద ఎర్ర వలయం గీస్తారు, లోపల దుమ్ము తప్ప ఏమీ కనపడకపోయినా. క్లిప్ దొరక్కపోతే గ్రాఫిక్స్ వాళ్లే ఓ భవనం కట్టి కూల్చేస్తారు. అసలుది ఎన్ని అంతస్తులో తెలియదు కనుక ఉదారంగా ఇరవై వేస్తారు. తెర మూలన ‘ఫైల్’ అని చీమతలకాయంత అక్షరాలుంటే, అది ఎప్పుడో ఎక్కడో కూలిన వేరే భవనమన్నమాట. నిద్ర ఎటూ పోయింది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని వెతకండి.

తర్వాత లైవ్. యాంకర్ ప్రశ్న అడిగేస్తుంది. రిపోర్టర్ ఉలుకూ పలుకూ లేకుండా తలూపుతుంటాడు. పాపం, అతని తప్పేం లేదు. వాళ్ల మాటలు మోసే ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెళ్లి కిందికి దిగడానికి పావు సెకను, జవాబు రావడానికి మరో పావు. బొమ్మను కుదించి పంపి మళ్లీ విప్పే పెట్టెలు ఇంకో సెకనో రెండో మింగుతాయి. ఆ మౌనం భరించలేక యాంకర్ మళ్లీ అడుగుతుంది. మొదటి ప్రశ్న సరిగ్గా అప్పుడు అతని చెవిన పడుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఒకేసారి ఆగుతారు, ఒకరికొకరు దారిచ్చుకుంటారు, మళ్లీ ఒకేసారి మొదలుపెడతారు.

ఉపగ్రహానికి లైవ్ పంపే ఓబీ వ్యాన్ అందక, మొబైల్ నెట్‌వర్క్ మీద వీడియో పంపే నాలుగైదు సిమ్‌ల బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని వెళ్లాడంటే ఇంకో తమాషా. అక్కడ చేరిన జనమంతా అదే టవర్ మీద పడి వీడియోలు పంపుతుంటారు. రిపోర్టర్ తెరిచిన నోరు తెరిచినట్టే బిగుసుకుపోతాడు. వీటన్నిటికన్నా ఘోరం ‘మిక్స్ మైనస్’ మరిచిపోవడం. స్టూడియో నుంచి రిపోర్టర్ చెవికి వెళ్లే శబ్దంలోంచి అతని సొంత గొంతు తీసేయాలి. తీయకపోతే తన మాటే తనకు ఓ సెకను ఆలస్యంగా వినపడుతుంది. ఎంతటి వాగ్ధాటి ఉన్నవాడికైనా అప్పుడు నత్తి వచ్చి తీరుతుంది. ఇంత అవస్థపడి అతను పూర్తిచేసిన వాక్యమేమిటయ్యా అంటే, ‘పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది’.

ఈలోగా తెర మీద లెక్కలు తేలవు. ప్లేట్‌లో గాయపడినవారు ముగ్గురు, కింద స్క్రోలింగ్‌లో ఐదుగురు, యాంకర్ నోట ‘పలువురు’. ప్లేట్ కొట్టేది ఒకరు, స్క్రోలింగ్ కొట్టేది మరొకరు, యాంకర్‌కు చెవిలో చెప్పేది ఇంకొకరు. ఒకరు దిద్దితే మిగతావి వాటంతటవే దిద్దుకోవు. ఆ స్క్రోలింగ్ అయినా 2001 సెప్టెంబర్ 11న అమెరికా ఛానళ్లు, చెప్పాల్సింది ఒకేసారి చెప్పలేనంత ఉండి, వేసిన పట్టీ. చెప్పడానికేమీ లేని రోజుల్లోనూ అదిప్పుడు పరుగెడుతూనే ఉంటుంది.

తొందర రోగం పెద్ద ఛానళ్లకూ ఉంది. 2012 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఆరోగ్య బీమా చట్టంపై తీర్పిస్తే, సీఎన్ఎన్, ఫాక్స్ న్యూస్ అందులోని కీలక నిబంధన కొట్టివేశారని ప్రకటించేశాయి. తీర్పు మొదట్లో ప్రభుత్వ వాదన ఒకదాన్ని కోర్టు తోసిపుచ్చిన మాట నిజమే. కొన్ని పేజీల తర్వాత, పన్ను వేసే అధికారం కింద అదే నిబంధన చెల్లుతుందనీ ఉంది. పేజీ తిప్పేంత తీరికేది? 2009 అక్టోబర్ 15న కొలరాడోలో ఎగిరిపోయిన ఓ వెండిరంగు బెలూన్‌లో పిల్లాడున్నాడని ఛానళ్లన్నీ దాని వెంటపడ్డాయి. బెలూన్ దిగింది, ఖాళీ. పిల్లాడు ఇంటిదగ్గరే అటక మీద ఉన్నాడు.

మన భవనం సంగతికొస్తే, తెర మీది ఆరు కిటికీల్లో ఆరుగురు నిపుణులు కూర్చుని పునాదుల మీదా, పర్మిషన్ల మీదా, అవినీతి మీదా అరిచి అలసిపోయాక, అర్ధరాత్రి దాటి అసలు సంగతి తేలుతుంది. కూలింది భవనం కాదు, ఖాళీ స్థలం చుట్టూ ఉన్న ప్రహరీ గోడ. ఇక తప్పు ఒప్పుకుంటారేమోనని చూస్తుండగా, మళ్లీ తెర ఎర్రబడుతుంది, మళ్లీ ఢమాల్. ‘భవనం కేసులో భారీ ట్విస్ట్. కూలింది గోడే. మా ఛానల్ ఎక్స్‌క్లూజివ్.’