టైం బాంబు ప్రశ్నకు నా జవాబు

చిత్రహింస గురించి ఎక్కడ మాట మొదలైనా ఎవరో ఒకరు టైం బాంబు ప్రశ్న తెస్తారు. నగరం నడిబొడ్డున ఎక్కడో బాంబు పెట్టారు. ఇంకో గంటలో పేలుతుంది. పెట్టినవాడు పోలీసుల చేతిలో ఉన్నాడు, కానీ నోరు విప్పడం లేదు. వెయ్యిమంది ప్రాణాలు ముఖ్యమా, వీడి గోళ్లు ముఖ్యమా, తేల్చి చెప్పు అంటారు. ఇలా అడిగేవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. చాలామంది నిజంగానే ఆ వెయ్యిమంది గురించి ఆలోచిస్తారు. కానీ జవాబు చెప్పేముందు ఆ ప్రశ్న మన చేత ఏమేం ఒప్పించేసిందో చూసుకోవాలి.

బాంబు ఉందని మనకు తెలుసు. పెట్టింది వీడేనని తెలుసు. అది ఎక్కడుందో వీడికి తెలుసనీ తెలుసు. కొడితే చెబుతాడని, చెప్పేది నిజమే అవుతుందని, వెళ్లి తీసేంత టైం ఉందని, ఇంకే దారీ లేదని కూడా తెలుసు. ఇన్ని తెలిసిన పోలీసు అధికారి ఈ భూమ్మీద ఎక్కడున్నాడు? అసలైన ఇంటరాగేషన్ గదిలో ఉండేది అనుమానం. ఫోన్లో దొరికిన ఓ నంబరు, ఇన్‌ఫార్మర్ చెప్పిన ఓ మాట, పేరులో పోలిక. ప్రశ్నలో ఖాయంగా ఉన్నవన్నీ ఆ గదిలోకి వచ్చేసరికి 'కావచ్చు'లు అయిపోతాయి. దెబ్బలు మాత్రం ఖాయంగానే పడతాయి.

కథలు వద్దు, జరిగింది చూద్దాం. 2014 డిసెంబరులో అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ, ఆ దేశ గూఢచారి సంస్థ సీఐఏ నడిపిన రహస్య జైళ్ల మీద తన రిపోర్టు సారాంశాన్ని బయటపెట్టింది. సెప్టెంబరు 11 దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మహమ్మద్‌ను 2003 మార్చిలో 183 సార్లు వాటర్‌బోర్డింగ్ చేశారు. అంటే మనిషిని పడుకోబెట్టి కట్టేసి, ముఖం మీద గుడ్డ వేసి, ఊపిరాడక మునిగిపోతున్నట్టు కొట్టుకునేదాకా నీళ్లు పోయడం. అంతకుముందు 2002 ఆగస్టులో, అల్‌కాయిదా మనిషన్న అనుమానంతో పట్టుకున్న అబూ జుబైదాకు అదే పని 83 సార్లు చేశారు. 183 సార్లు! టైం బాంబు అయితే గంటలో పేలాలి కదా? ఒక్కసారికే నిజం కక్కించే పద్ధతి అయితే మిగతా 182 సార్లు ఎందుకు? ఆ గదిలో గడియారం టిక్కుటిక్కుమంటున్న జాడ నాకెక్కడా కనిపించదు. రోజుల తరబడి సాగిన ఓ డ్యూటీ కనిపిస్తుంది.

ఇంకో సంగతి. సూత్రధారి ఖాలిద్ షేక్ మహమ్మదేనని చెప్పింది ఈ అబూ జుబైదానే. ఎప్పుడు? గాయాలతో ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు, ఎఫ్‌బీఐ ఏజెంట్లు కూర్చుని మాట్లాడుతుంటే చెప్పాడు. అప్పటికి నీళ్లూ లేవు, గుడ్డా లేదు.

ఇక తప్పుడు సమాచారం సంగతి. ఇబ్న్ అల్ షేక్ అల్ లీబీ అనే వ్యక్తి అల్‌కాయిదా మనిషన్న అనుమానంతో 2001 చివర్లో పట్టుబడ్డాడు. సీఐఏ అతన్ని ఈజిప్టుకు పంపించింది. అక్కడ సుమారు 50 సెంటీమీటర్ల పెట్టెలో దాదాపు 17 గంటలు కుక్కి ఉంచారని తర్వాత అతను చెప్పాడు. ఓ మనిషిని మోకాళ్లు గెడ్డానికి ఆనించి అలా మడిచిపెడితే ఎలా ఉంటుందో ఊహించండి. బయటికి తీసి, కింద పడేసి, పిడిగుద్దులు గుద్దారు. అడిగింది ఇరాక్‌కూ అల్‌కాయిదాకూ ఉన్న సంబంధం గురించి. దాని గురించి తనకేమీ తెలియదని, కనీసం నమ్మేలా కథ అల్లడం కూడా కష్టమైందని అతను తర్వాత చెప్పాడు. ఎలాగో అల్లాడు. ఆ కథే 2003 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ప్రసంగంలోకి వెళ్లింది. మార్చిలో ఇరాక్ మీద అమెరికా యుద్ధం మొదలైంది. 2004లో అల్ లీబీ తన మాట వెనక్కి తీసుకున్నాడు. యుద్ధానికి అదొక్కటే కారణమని నేను అనడం లేదు. కానీ వెయ్యిమందిని కాపాడటానికే కదా హింస అని మనతో వాదించేవాళ్లు, దాంతో పుట్టిన అబద్ధం కూడా తోడై వచ్చిన యుద్ధంలో చచ్చినవాళ్లను ఏ లెక్కలో వేస్తారు?

దెబ్బలకు తట్టుకోగల దొంగ తప్పించుకుంటాడు, తట్టుకోలేని అమాయకుడు ఇరుక్కుంటాడు అని ఇటలీకి చెందిన న్యాయ తత్వవేత్త బెకారియా 1764లోనే చెప్పాడు. 1974లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోతే ఆరుగురిని పట్టుకున్నారు. తమను చితకబాదారని వాళ్లు మొత్తుకున్నారు. అయినా వాళ్లలో నలుగురి సంతకాలతో ఒప్పుకోలు కాగితాలు తయారయ్యాయి. 1991లో ఆ శిక్షలు కొట్టేసి ఆరుగురినీ వదిలేశారు. అసలు బాంబులు పెట్టినవాళ్లకు మాత్రం ఆ హత్యలకు శిక్ష పడలేదు.

అయితే 'చిత్రహింస ఎప్పుడూ పనిచేయదు' అన్న మాట మీద నా వాదన అంతా పెట్టను. అప్పుడప్పుడు పనిచేసే ఉంటుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే. టైం బాంబు కథలో హింసించేవాడు ఒక్కసారి, తప్పనిసరై, కన్నీళ్లతో ఆ పని చేస్తాడు. నిజంలో అది ఉద్యోగం. చేయి తిరగాలంటే ట్రైనింగ్ కావాలి. మనిషి చావకుండా చూడటానికి పక్కన డాక్టరు కావాలి. రికార్డు రాయడానికి గుమస్తా కావాలి. 2002 నవంబరులో గుల్ రహ్మాన్ అనే ఖైదీని సీఐఏ రహస్య జైల్లో ఒంటి మీద ఒక్క స్వెట్‌షర్టు మాత్రమే ఉంచి, కటిక కాంక్రీటు నేల మీద కూర్చోబెట్టి గొలుసుతో కట్టేశారు. తెల్లారేసరికి చలికి చచ్చిపోయాడు. అలా కట్టేయమన్న అధికారికి, పని చాలా బాగా చేస్తున్నాడంటూ, నాలుగు నెలల తర్వాత 2,500 డాలర్ల బహుమతి సిఫారసు చేశారు. ఇది చదివాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. సీఐఏ ఆ రహస్య జైళ్ల కార్యక్రమంలో పట్టుకున్న 119 మందిలో కనీసం 26 మందిని సీఐఏ సొంత రూల్స్ ప్రకారమే పట్టుకుని ఉండకూడదు.

ఒక్కసారికే, తప్పనిసరి అయితేనే అని తలుపు తీసినచోటల్లా ఇదే జరిగింది. ఇజ్రాయెల్‌లో 1987లో ఓ కమిషన్ 'మితమైన శారీరక ఒత్తిడి'కి ఓకే చెప్పింది. పన్నెండేళ్లలో అది ఎంత మామూలైపోయిందంటే, 1999లో సుప్రీంకోర్టే కలగజేసుకుని, భద్రతా సంస్థకు ఆ అధికారం లేదని చెప్పాల్సి వచ్చింది.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఏదైనా ఘోరం వార్త రాగానే 'నాలుగు తగిలిస్తే నిజం కక్కుతాడు' అంటాం. ఆ క్షణంలో మనకు కావాల్సింది నిజం కాదు. వాడు ఏడవాలి, అంతే. ఆ కోపం నాకూ వస్తుంది, పసిపిల్లల విషయంలో మరీ వస్తుంది. కానీ పగను పగ అనే పిలుద్దాం. దానికి ప్రజల ప్రాణాలు కాపాడటం అని పేరు పెట్టొద్దు.

చివరికి అందరూ అడిగేది ఒకటే: నీ బిడ్డ అయితే? సరే, అలాంటిదే జరిగింది. 2002 సెప్టెంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఓ లా స్టూడెంట్ 11 ఏళ్ల బాబును ఎత్తుకెళ్లి 10 లక్షల యూరోలు అడిగాడు. డబ్బు తీసుకున్నాక పోలీసులు పట్టుకున్నారు. బాబు ఎక్కడో బతికే ఉన్నాడని, నీళ్లూ తిండీ లేక అల్లాడుతున్నాడని నగర పోలీసు ఉప అధిపతి వోల్ఫ్‌గాంగ్ దాష్నర్ అనుకున్నాడు. చెప్పకపోతే భరించలేని నొప్పి పెడతామని వాడిని బెదిరించమన్నాడు. బెదిరించారు. చెయ్యి పడకముందే వాడు చెప్పేశాడు. వెళ్లి చూస్తే ఓ చెరువు దగ్గర బాబు శవం దొరికింది. ఎత్తుకెళ్లిన రోజే చంపేశాడు.

తన ఆదేశాన్ని దాష్నర్ దాచలేదు, తానే ఫైల్లో రాసిపెట్టాడు. 2004లో కోర్టు అతన్ని దోషి అంది. కానీ జరిమానా కూడా వెంటనే కట్టక్కర్లేదని హెచ్చరికతో వదిలేసింది. 2010లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, ప్రాణం కాపాడటానికైనా సరే అలా చేయకూడదని తేల్చింది. 2011లో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు ఆ హంతకుడికి 3,000 యూరోల పరిహారం ఇమ్మంది.

నేను ఆ బాబు తండ్రినైతే దాష్నర్ చేసినదానికంటే ఎక్కువే చేయమని కాళ్లు పట్టుకునేవాడిని. అందుకే అది తేల్చే పని తండ్రికి ఇవ్వరు. అంత మంచి ఉద్దేశంతో, సరైన మనిషినే పట్టుకున్న అధికారి కూడా, అన్నింటికంటే ముఖ్యమైన ఆ ఒక్క విషయంలో పొరపాటు పడ్డాడు. ఆ తీర్పు అతన్ని మెచ్చుకుని పంపిస్తే, దాన్ని వాడుకునే తర్వాతి అధికారికి అంత మంచి ఉద్దేశం ఉండదు, అతని ముందు కూర్చున్నవాడు అసలు దోషే కాకపోవచ్చు. నిజంగా ఇంకో దారి లేదనుకునే అధికారి దాష్నర్‌లాగే సంతకం పెట్టి, కోర్టులో నిలబడి, శిక్షకు సిద్ధపడాలి. ముందే అనుమతి మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. పసివాడిని చంపినవాడికి 3,000 యూరోలు ఇవ్వడమంటే నాకు కడుపు మండిపోతుంది. అయినా ఇవ్వాల్సిందే అంటాను.