అంగారకుడి గాలుల అనుకరణలో ధూళి లెక్క
అంగారకుడి గాలులను కక్ష్య నుంచి లేజరుతో కొలిచే పరికరం పనితీరును కంప్యూటరులో అనుకరించడానికి వాతావరణ నమూనా (గ్రహ వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఇచ్చే గాలి, ఉష్ణోగ్రత, పీడనం విలువలు చాలన్న ఒక వ్యాసకర్త మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. అక్కడి ఉపరితల పీడనం సుమారు 6 మిల్లీబార్లే కాబట్టి, వాయు అణువుల నుంచి తిరిగివచ్చే కాంతి బలహీనంగా ఉండి, పరికరానికి అందే సంకేతం చాలావరకు ధూళి, మంచు రేణువుల మీదే ఆధారపడుతుంది. అందువల్ల నమూనాలోని ధూళి పరిమాణాన్ని, రేణువుల సైజును కలిపి, ఎంచుకున్న తరంగదైర్ఘ్యం వద్ద వెనుకకు చెదిరే కాంతిగా మార్చడమే అసలు పని. 2018 నాటి గ్రహవ్యాప్త ధూళి తుఫాను వంటిది వస్తే పై పొరలే కాంతిని మింగేస్తాయి, కింది గాలి కొలతకు అందదు. మరొకటి, ఎత్తును స్థానిక నేల నుంచి లెక్కించారో, ప్రామాణిక తలం (గ్రహమంతటికీ సున్నా ఎత్తుగా తీసుకునే ఊహా తలం) నుంచో చూసుకోకపోతే, అంగారకుడిపై ఉన్న లోతైన హెల్లాస్ పల్లంలో దాదాపు 7 కిలోమీటర్ల తేడా వస్తుంది.