గేటు దగ్గర్నుంచి తీసిన ఫోటో గారికి

మహారాజశ్రీ గేటు ఫోటో గారి సముఖానికి, అద్దాలు తుడిచేవాడు నమస్కరించి రాసుకునేది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమం. నా నడుము మాత్రం క్షేమంగా లేదు. అందుకు మీరే కారణం కాబట్టి ఈ ఉత్తరం.

మిమ్మల్ని పొద్దున ఆఫీసుకి పోతూ పోతూ తీస్తారు. రాత్రి భోంచేసి, చేయి కడుక్కుని, టీవీ ముందు కూర్చున్నాక నాకు పంపుతారు. వాట్సాప్ 'టింగ్' అంటుంది. తెరిస్తే మీరు. మీ కింద రెండే మాటలు: "రేటెంత బ్రో?" నమస్తే లేదు, ఊరూ పేరూ లేదు. మీలో ముప్పావు వంతు ఆకాశం. మిగిలిన పావులో సగం కారు బానెట్, ఒక మూల ఇంటాయన బొటనవేలు. వీటన్నిటి మధ్య ఇల్లు కొంచెం కనపడుతుంది. ఆకాశం తుడవడానికి నా దగ్గర రేటు లేదండీ. ఉంటే ఈపాటికి నేనూ ఒక ఇల్లు కట్టుకుని మీలాంటి ఫోటో ఒకటి తీసుకునేవాణ్ణి.

మొదట్లో నేను గచ్చిబౌలి వైపు పెద్ద బిల్డింగుల మీద తాడుకి వేలాడేవాణ్ణి. అక్కడ బాధ లేదు. అద్దం ఎన్ని అడుగులో కాగితం మీద ఉంటుంది, గీసినట్టు ఒకే సైజు పలకలు, పైనుంచి కిందికి దిగడమే. తర్వాత సొంతంగా ఇళ్ల పని మొదలుపెట్టాను. అప్పుడు పరిచయమయ్యారు మీరు. పద్దెనిమిది అంతస్తుల మీద లేని భయం, రెండంతస్తుల ఇంటి ఫోటో చూస్తే వస్తుంది నాకు.

మీ లెక్క ఒకసారి చూద్దాం. "చిన్న ఇల్లే, 200 గజాలు" అంటారు మిమ్మల్ని పంపినాయన. సరే. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు స్థలం. అందులో ఇల్లు 25 బై 50 అనుకోండి. చుట్టుకొలత 150 అడుగులు. గ్రౌండ్ ప్లస్ టూ, పిట్టగోడతో కలిపి 35 అడుగుల ఎత్తు. అంటే బయట గోడలు, అద్దాలు అన్నీ కలిపి 5,250 చదరపు అడుగులు. అందులో మీరు చూపించేది ముందు వైపు ఒక్కటే, 875 అడుగులు. ఆరింట ఒక వంతు. మిగతా అయిదు వంతులూ మీ వెనకాల దాక్కుని నవ్వుతుంటాయి. ఆయన స్థలం గజాల్లో చెప్తాడు, నేను గోడ అడుగుల్లో తుడుస్తాను. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో నా నడుముకి తెలుసు.

నిజాంపేట అవతల ఒక ఇంటికి మీరే నన్ను తీసుకెళ్లారు, గుర్తుందా? మీలో ఆ ఇల్లు పెళ్లికూతురిలా ఉంది. తెల్లటి ఎలివేషన్, బాల్కనీకి గ్లాస్ రెయిలింగ్, మెట్ల దగ్గర నిలువునా రెండంతస్తుల పొడుగున అద్దం. ఆ అద్దం పక్క సందు వైపు ఉంటే, మీలో దాని అంచు మాత్రం పడింది. అందులో తెల్ల తెల్లగా ఏవో మచ్చలు. మబ్బుల నీడ అనుకున్నాను. ఒక్క రోజు పని, ఇద్దరం మనుషులం అని లెక్కేసి, ఆరు వేలు అని టైపు చేశాను. అవతల నుంచి ఒక బొటనవేలు వచ్చింది. మీలో పడ్డ వేలే అయ్యుంటుంది.

పొద్దున ఆరున్నరకే చేరాం, నేనూ మా బామ్మర్దీ. ఎండ ఎక్కక ముందే మొదలుపెట్టాలి. అద్దం కాలిందంటే సబ్బునీళ్లు లాగేలోపే ఆరిపోయి చారలు పడతాయి. అందుకే పొద్దున పడమర వైపు, మధ్యాహ్నం తూర్పు వైపు, నీడని పట్టుకుని తిరుగుతాం. మీలో అయితే ఎప్పుడూ మంచి వెలుతురే.

పక్క సందులోకి వెళ్లి చూశాం. మున్సిపాలిటీ ప్లాన్‌లో ఎంత వదిలారో నాకు తెలీదు, నేల మీద మాత్రం మూడడుగులుంది. అందులో ఒకటిన్నర అడుగు ఏసీ అవుట్‌డోర్ యూనిట్లవి. నిచ్చెనకి ఒక పద్ధతి ఉందండీ. పైన ఎంత ఎత్తుకి ఆనుతుందో, అందులో నాలుగో వంతు దూరం కాళ్లు గోడకి ఎడంగా ఉండాలి. 24 అడుగుల ఎత్తు అందాలంటే కింద ఆరడుగులు జాగా కావాలి. మూడడుగుల సందులో నిలబెడితే నిచ్చెన వెనక్కి తూలుతుంది, దాంతో పాటు నేనూ. మా బామ్మర్ది పక్కింటి కాంపౌండ్ గోడ వైపు చూసి, "బావా, అటు పక్క కాళ్లు పెడితే?" అన్నాడు. ఇంటాయన్ని అడిగాం. ఆయన మొహం మాడ్చుకుని, "వాళ్లతో మాకు మాటల్లేవు" అన్నాడు. రెండేళ్ల కిందట బాల్కనీ నీళ్లు వాళ్ల కారు మీద పడ్డాయట. ఈ సంగతి మీలో ఎక్కడా కనపడలేదు.

ఇక జూలా మనిషిని, అంటే పైనుంచి తాడుకి ఉయ్యాలలా వేలాడి తుడిచేవాణ్ణి, పిలిపించాల్సి వచ్చింది. పిట్టగోడకి తాడు కట్టకూడదు, అది ఏ రోజు ఊడొస్తుందో కట్టినవాడికి కూడా తెలీదు. వాటర్ ట్యాంకు కింద పిల్లర్‌కి కట్టాం, కూర్చునే తాడు ఒకటి, బెల్టుకి వేరే తాడు ఒకటి. అతనికి 2,500. నా ఆరు వేలలోంచే.

అసలు కథ అప్పుడు మొదలైంది. మీలో మబ్బుల నీడ అనుకున్నాను చూడండి, అది బోరు నీళ్ల మరక. ట్యాంకు నిండినప్పుడల్లా పొంగి, ఆ నిలువు అద్దం మీద కారి, ఎండకి ఆరి, మళ్లీ కారి, మళ్లీ ఆరి, సున్నం పొరలు పొరలుగా పట్టేసింది. ఇంటాయన నాలుగేళ్లుగా మోటారు ఆపడం మర్చిపోతున్నాడు, ఆ మరుపు మొత్తం అద్దం మీద రాసి ఉంది.

ఈ మరకకి ఒక గుణం ఉంది. తడిపితే మాయమవుతుంది. మా బామ్మర్ది నీళ్లు కొట్టి, మాప్‌తో ఒక్క చుట్టు చుట్టి, "బావా, పోయింది!" అని అరిచాడు. ఇంటాయన కింద నుంచి చూసి, "ఇంతేనా? దీనికి ఆరు వేలా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. టీ తాగాం. పది నిమిషాల్లో అద్దం ఆరింది. మరక, ఊరెళ్లిన చుట్టం బస్సు మిస్సయి తిరిగొచ్చినట్టు, మెల్లగా వచ్చి తన చోట తను కూర్చుంది. గరుకుగా ఉన్న సందుల్లో నీళ్లు నిండినంతసేపు వెలుగు తిన్నగా పోతుంది, మరక కనపడదు. ఆరగానే అసలు రూపం. అందుకే మీరంటే ఉన్న భయం కంటే, వాన పడుతుండగా తీసిన ఫోటోలంటే నాకు ఎక్కువ భయం.

"యాసిడ్ కొడితే పోదా?" అన్నాడాయన. పోతుంది. దాంతో పాటు కింద పాలరాయి మెట్ల నిగనిగా పోతుంది, టైల్స్ మధ్య సిమెంటు పోతుంది, అల్యూమినియం ఫ్రేము రంగు పోతుంది. చివరికి నా అడ్వాన్సు కూడా పోతుంది. అందుకని తక్కువ ఘాటు మందు గుడ్డకి అద్ది, అడుగు అడుగున రుద్ది, వెంటనే కడిగి, మళ్లీ రుద్ది. నాలుగేళ్ల పొర కదా, కొన్ని చోట్ల అద్దాన్నే తినేసింది. అక్కడ ఎంత రుద్దినా మబ్బు మబ్బుగానే ఉంటుంది. ముందే చెప్పి ఉంటే అది సలహా అయ్యేది. పని మధ్యలో చెప్పాను కాబట్టి సాకు అయింది.

బ్లేడుతో గీకమన్నాడు. పెయింటర్లు పడేసిన చుక్కలకైతే సరే, మామూలు అద్దం మీదైతే గీకుతాం. రెయిలింగ్‌ది టఫెన్డ్ గ్లాస్, అంటే కాల్చి గట్టిపరిచిన అద్దం. కొలిమిలో కాల్చేటప్పుడు కంటికి కనపడని గాజు పొడి కొన్నిసార్లు పలకకి అతుక్కుపోయి ఉంటుంది. బ్లేడు దాన్ని లేపి ఈ చివర నుంచి ఆ చివరకి ఈడుస్తుంది. గీత పడుతుంది. ఒక పలక మార్చాలంటే నా నెల సంపాదన.

"నీళ్లు మావే వాడుకో, ఫ్రీ" అన్నాడు పెద్ద మనసుతో. అవే నీళ్లు. ఏ నీళ్లతో మరక పడిందో ఆ నీళ్లతోనే కడగమంటున్నాడు. మీటర్ ముంచితే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, 1,140 చూపించింది. తాగే నీళ్లకి మన దేశ ప్రమాణం 500 దాటకూడదంటుంది, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటుంది. అద్దం మనిషిలా సర్దుకుపోదు. పైపు తగిలించిన పొడుగు కర్రతో కడిగి వదిలెయ్యాలంటే సున్నాకి దగ్గరగా ఉన్న నీళ్లు కావాలి, లేకపోతే ప్రతి చుక్కా ఆరి ఒక తెల్ల గుండ్రం వదులుతుంది. అందుకే నేను ఫిల్టర్ చేసిన నీళ్లు డ్రమ్ముల్లో మోసుకెళ్తాను. ఆటో ఖర్చు నాదే. "నీళ్లు కూడా కొనుక్కొస్తావా?" అని ఆయన నన్ను జాలిగా చూశాడు, నాకేదో పిచ్చి ముదిరినట్టు.

మధ్యాహ్నం ఇంకో ముచ్చట. "ఎలాగూ ప్రెషర్ మెషిన్ తెచ్చావు కదా, గోడలకి కూడా ఓసారి కొట్టెయ్ తమ్ముడూ." ఓసారి! పార్కింగ్ బండల మీద కొట్టే ఒత్తిడి గోడకి కొడితే నాచుతో పాటు పెయింటు పెచ్చులు లేస్తుంది. స్లైడింగ్ కిటికీల గాడిలోకి నీళ్లు పోయి బెడ్‌రూమ్‌లో పరుపు తడుస్తుంది. గోడకి మెత్తగా మందు కొట్టి, నాననిచ్చి, తక్కువ ఒత్తిడితో కడగాలి. అది వేరే పని, వేరే రేటు. ఈ మాట చెప్పేసరికి "తమ్ముడూ" పోయి "ఏమయ్యా" వచ్చింది.

నా చేతిలో వైపర్ చూసి కూడా చాలామంది మోసపోతారు. ఇంత చిన్న రబ్బరు ముక్కకి ఇంత రేటా అని. ఇటలీ నుంచి అమెరికా వలస వెళ్లిన ఎటోరే స్టెకోనే అనే అద్దాలు తుడిచే మనిషి 1936లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇత్తడి పిడి, సన్నటి రబ్బరు. ఇన్నేళ్లయినా పెద్దగా మారలేదు. మంగలి కత్తి చూసి ఎవరూ గడ్డం రేటు కట్టరు కదా.

ఒక రోజు పని రెండు రోజులైంది. రెండో రోజు సాయంత్రం ఇంటాయన గేటు దగ్గరికి వెళ్లి, సరిగ్గా అదే చోట నిలబడి, ఫోన్ తీశాడు. ఫోటో కొట్టాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు.

"నువ్వే చూడు. ఏమైనా తేడా ఉందా?"

చూశాను. ఆకాశం ముప్పావు వంతు. కారు బానెట్. బొటనవేలు. నిజంగానే తేడా లేదు. మురికిని చూపించని ఫోటో శుభ్రాన్ని మాత్రం ఎలా చూపిస్తుంది? రమ్మని మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను, చెయ్యి పెట్టి తడమమన్నాను. వాళ్లమ్మగారు వచ్చి అద్దంలోంచి బయటికి చూసి, "అరె, వాళ్లింట్లో జామచెట్టు ఉందా!" అంది. నాలుగేళ్లలో మొదటిసారి ఆమెకి ఆ చెట్టు కనపడింది. ఆయన అయిదు వందలు ఎక్కువ ఇచ్చాడు. 6,500. జూలాకి, బామ్మర్దికి, ఆటోకి, మందుకి పోగా మిగిలింది మీకు చెప్పను. మీరు ఫోటో కదా, పది మందికీ ఫార్వర్డ్ అవుతారు.

తప్పు నాది లేదని అనను. "ఇల్లు చూసి చెప్తా సార్" అని రాస్తే అవతల రెండు నీలి టిక్కులు పడతాయి, ఇక సమాధానం రాదు. ఈలోపు ఇంకొకడు మిమ్మల్ని చూసి "4,500, ఫైనల్" అని కొట్టేసి ఉంటాడు. వాడికీ ఏమీ కనపడలేదు, కాకపోతే ధైర్యం ఎక్కువ. అందుకే నేనూ రాసేస్తాను ఏదో ఒక అంకె. మీరు దాచిపెడతారు, నేను ఊహిస్తాను, ఆయన బేరమాడతాడు.

కాబట్టి మీకు నా మనవి. వచ్చేటప్పుడు ఒంటరిగా రాకండి. సందులోంచి తీసిన మీ తమ్ముణ్ణి, టెర్రస్ మీంచి కిందికి తీసిన మీ చెల్లెల్ని, ఆరిన అద్దం మీద వేలు పెట్టి దగ్గరగా తీసిన మీ చిన్నవాణ్ణి కూడా తీసుకురండి. నిచ్చెన ఎక్కడ నిలబడుతుందో చూపించండి. కరెంటు తీగ ఎంత దూరంలో ఉందో చూపించండి. పావురాలు ఏసీ వెనక కాపురం పెట్టాయో లేదో చూపించండి. పక్కింటివాళ్లతో మాటలున్నాయో లేదో మాత్రం ఫోటోలో పడదు, అది కింద రాయించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
వైపర్ పట్టుకున్నవాడు.

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగానే మీ చుట్టం ఒకాయన దిగాడు. రాత్రిపూట, ఫ్లాష్ వేసి తీశారు. అద్దంలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ మనిషి తప్ప ఏమీ కనపడటం లేదు. కింద "లాస్ట్ రేటు చెప్పన్నా" అని ఉంది. ఫస్ట్ రేటు నేనింకా చెప్పనే లేదు.