సవరణ: పొద్దున పదింటి హడావుడి 2020లో కాదు

లాక్‌డౌన్‌లో మన హనుమకొండలో జనం అలవాట్లు ఎలా మారాయో మొన్న రాశాను. అందులో పెద్ద తప్పే దొర్లింది. 2020లో ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు ఉండేదని, అందుకే తెల్లారకముందే బజారుకు ఉరుకులని అన్నాను. ఆ నాలుగు గంటల సడలింపు 2021 మే 12న మొదలైన లాక్‌డౌన్‌ది. 2020 మార్చిలో పెట్టింది రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు కర్ఫ్యూ. పగలు దగ్గర్లోని కొట్లకు వెళ్లి సరుకులు తెచ్చుకోవచ్చు. మా అమ్మ నాలుగింటికే లేచి సంచులు సర్దడం, పది కొట్టేలోపు ఇంటికి చేరతామా లేదా అన్న టెన్షన్, ఇవన్నీ రెండో ఏడాది సంగతులు.

ఇంకొకటి. కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం నిలబడలేదని, అది నిర్లక్ష్యమని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అవి ఏప్రిల్ ఎండలని కొట్టాయనే గుర్తుచేశాడు. ఒక్కో గుండ్రంలో ఒక్కో సంచి, ఎగిరిపోకుండా దానిమీద ఓ రాయి. మనుషులేమో వేపచెట్టు నీడన దూరదూరంగా నిలబడి, ముందు సంచి కదలగానే తమది జరుపుకునేవాళ్లు. ఒక్కరూ వరుస తప్పలేదు. వాళ్లను తప్పుబట్టినందుకు నిజంగా బాధగా ఉంది, క్షమించండి. పాత పోస్టులో రెండు చోట్లా మార్చాను.